వణుకుడు వ్యాధి – దూరపు సైకిలు ప్రయాణము

అరువది యేండ్ల మనిషి చేయి ఒడిలో ఊరక యుండగా, బొటనవ్రేలును చూపుడువ్రేలును మాత్రను నలుపుచున్నట్లు ఒకదానిపై నొకటి కదలుచుండును. ఇంటివారు చూచి, వయసు మీదపడినదని సరిపెట్టుకొందురు. కొన్నాళ్లకు చొక్కా బొత్తాములు పెట్టుకొనుటకు చాల సేపు పట్టును. సంతకము క్రమక్రమముగా చిన్నదైపోవును. నడచునపుడు ఒక చేయి ఊగుట మానును. మాట మెల్లనగును, ముఖమున సంతోషముగాని కోపముగాని కానరాదు. దీనిని సోమరితనమనియో, అలుకయనియో పొరబడు కుటుంబములును కలవు. ఇది సోమరితనము కాదు, అలుక కాదు, కేవలము వార్ధక్యమును కాదు. ఇది పార్కిన్సన్ వ్యాధి. జనులు వణుకుడు జబ్బందురు. ఆయుర్వేదమున కంపవాతమను పేరు కలదు.

1817వ సంవత్సరమున లండను నగరములో జేమ్స్ పార్కిన్సన్ అను వైద్యుడు ఆరుగురు రోగుల స్థితిని వర్ణించుచు ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. వారిలో కొందరిని ఆయన వీథిలో పోవుచుండగా చూచినవాడే గాని చికిత్స చేసినవాడు కాడు. నడకను చూచియే వ్యాధిని పోల్చగలిగెను. నేటికిని ఈ వ్యాధిని గుర్తించుటకు వైద్యుని కన్నులే ముఖ్యసాధనము. రక్తపరీక్షతో ఇది తేలునది కాదు.

వ్యాధికి మూలము నడిమి మెదడులో కలదు. అచట నల్లని రంగుగల కణముల గుంపొకటి డోపమిన్ అను రసాయనమును తయారుచేయును. మనము తలచిన కదలిక తలచినంతనే సాఫీగా జరుగుటకు ఈ రసాయనము అవసరము. ఆ కణములు ఒక్కొక్కటిగా నశించును. చాలభాగము నశించిన పిదపనే వణుకు, కండరముల బిగువు, కదలికలో మందగతి పైకి కనబడును. మలబద్ధకము, వాసన తెలియకపోవుట, నిద్రలో కలవరించుచు కాలుచేతులు విసరుట మున్నగునవి అంతకు కొన్ని యేండ్ల ముందే రావచ్చును. ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచములో తినుటచే రాదు. ఎక్కువమందిలో వంశపారంపర్యమును కాదు. కొన్ని పురుగుమందులతో దీనికి సంబంధము కలదని పరిశోధనలు చూపుచున్నవి గాన, తోటలలో మందు చల్లువారు ముక్కునకు గుడ్డయైనను లేక చల్లుట మంచిది కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము 2019 నాటికి లోకమున 85 లక్షలకు పైగా జనులు ఈ వ్యాధితో జీవించుచుండిరి.

చికిత్స కథలో మన దేశమునకును కొంత భాగము కలదు. దూలగొండి గింజలలో లెవోడోపా యను పదార్థము కలదని 1937లో మద్రాసున దామోదరన్, రామస్వామి యను శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపిరి. ఆనాడు దాని ఉపయోగము ఎవరికిని తెలియదు. 1957లో స్వీడను దేశపు ఆర్విడ్ కార్ల్‌సన్ మెదడులో డోపమిన్ చేయు పనిని కనుగొనెను. అందులకు 2000లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. 1967లో అమెరికాలో జార్జి కోట్జియాస్ లెవోడోపాను హెచ్చు మోతాదులో నోటిద్వారా ఇచ్చి, మంచము పట్టిన రోగులను లేపి నడిపించెను. నేడు కార్బిడోపాతో కలిపి ఇచ్చు మాత్ర ఇదియే. ఇది వ్యాధిని నయము చేయదు. కొన్ని గంటలు కదలికను తిరిగి ఇచ్చును. దూలగొండి చూర్ణమును స్వంతముగా కొని మాత్రలతో కలిపి మ్రింగుట తగదు. అందులో మందు ఎంత యున్నదో తూచువారు లేరు.

సైకిలు చేయు పని

నెదర్లండ్సు దేశమున నైమేగన్ నగరములో బాస్టియాన్ బ్లూమ్ అను నాడీవైద్యుని యొద్దకు 58 సంవత్సరముల రోగి యొకడు వచ్చెను. పదియేండ్లుగా వ్యాధి. రెండడుగులు వేయునంతలో అతని పాదములు నేలకు అతుకుకొనిపోయెడివి, పట్టుకొననిచో పడిపోవును. అట్టివాడు తాను ముందురోజున 10 కిలోమీటర్లు సైకిలు తొక్కితినని చెప్పెను. వైద్యుడు నమ్మక, సైకిలు తెప్పించి ఎక్కించి చూచెను. అతడు వీథిలో చక్కగా తొక్కి, మలుపు తిరిగి, వెనుకకు వచ్చెను. దిగిన మరుక్షణమున పాదములు మరల నేలకు అతుకుకొనెను. ఈ దృశ్యము 2010లో ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో ప్రకటింపబడి అంతటను చర్చనీయమయ్యెను.

నడవలేనివాడు తొక్కగలుగుట ఎట్లు? నడకలో ప్రతి అడుగును మెదడు తానే ఆరంభింపవలెను. సైకిలులో ఒక కాలు క్రిందికి పోగానే పెడలు రెండవ కాలిని తానే పైకి లేపును. ఆ లయ వెలుపలినుండి వచ్చుచున్నది గాన, లోపల ఆరంభశక్తి తగ్గినను కాళ్లు అనుసరింపగలవని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. మన నాట్యాచార్యులు తాళము వేయనిదే అడుగు వేయని బాలుని నడిపించునది ఇట్టి యుపాయమే.

వ్యాయామము వలన వ్యాధి లక్షణములు తగ్గునా యను ప్రశ్నకు ఒక సూచన దూరప్రయాణము నుండి వచ్చినది. 2003లో జే ఆల్బర్ట్స్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు పార్కిన్సన్ వ్యాధిగల స్త్రీతో కలిసి, ఇద్దరు తొక్కు జంట సైకిలుపై అయోవా రాష్ట్రమును అడ్డముగా దాటెను. జనులకు ఈ వ్యాధిని గూర్చి తెలియజేయుట వారి ఉద్దేశము. వారము దినముల ఆ ప్రయాణములో ఆమె వ్రాత బాగుపడుట ఆయన గమనించెను. తొక్కినది కాళ్లు, బాగుపడినది చేతివ్రాత. కావున లాభము కండరములకే గాక మెదడునకును కలుగుచున్నదేమో యని ఆయనకు తోచెను. పిదప పదిమంది రోగులపై చేసిన పరీక్షను 2009లో ప్రకటించిరి. ఎనిమిది వారములు, వారమునకు మూడు దినములు, దినమునకు ఒక గంట. సగముమంది తమ యిష్టమువచ్చిన వేగమున, నిమిషమునకు సుమారు 60 చుట్లు తొక్కిరి. తక్కినవారు జంట సైకిలుపై ఆరోగ్యవంతుని తోడుతో సుమారు 85 చుట్లు తొక్కిరి. వేగముగా తొక్కినవారిలో కదలిక లక్షణములు 35 శాతము మెరుగుపడెను. పదిమంది యనునది చిన్న సంఖ్య. దానినిబట్టి పెద్ద మాటలు చెప్పరాదు. అయితే 2019లో నెదర్లండ్సువారు 130 మంది రోగులతో జరిపిన పరీక్షలో, ఇంటిలోనే కదలని వ్యాయామ సైకిలును వారమునకు మూడుమార్లు, 30 నుండి 45 నిమిషములు, ఆరు నెలలు తొక్కినవారి లక్షణములు, కేవలము అవయవములు సాచు వ్యాయామము చేసినవారికంటె తక్కువగా పెరిగినట్లు తేలినది. వ్యాధిని సైకిలు ఆపునని ఎవరును రుజువు చేయలేదు. మాత్రకు బదులు సైకిలనుట ప్రమాదము. మాత్రతోపాటు సైకిలనుట యుక్తము.

ఈ విషయము లోకమునకు తెలియుటకు రోగులే కారకులైరి. 1984 ఒలింపిక్సులో కాంస్యపతకము గెలిచి, 1986, 1987 సంవత్సరములలో టూర్ డి ఫ్రాన్సు పందెమున ఒక్కొక్క దశలో ప్రథముడుగా నిలిచిన డేవిస్ ఫిన్నీ అను అమెరికా సైకిలు వీరునికి 2000లో, నలుబదియేండ్ల వయసున, ఈ వ్యాధి యని తెలిసెను. 2004లో ఆయన పేరున ఒక సంస్థ వెలసినది. సైకిలు యాత్రలవలన వచ్చిన విరాళములు రోగులకు వ్యాయామము నేర్పుటకును, వ్యాధితో బ్రదుకు తీరు బోధించుటకును వినియోగమగుచున్నవి. ఫిన్నీ అనగా పుట్టు వీరుడని కొందరందురు. లారీ స్మిత్ అను విశ్రాంత పోలీసు అధికారి వీరుడు కాడు. ఇరువదియేండ్లుగా వ్యాధితో బాధపడుచు, నడకలో పడిపోవుచుండిన ఆయన, దక్షిణ డకోటా రాష్ట్రమును 300 మైళ్లు మూడుచక్రముల సైకిలుపై దాటెను. దానిని గూర్చిన చలనచిత్రము 2013లో వెలువడినది.

చౌల్దారీ నుండి

దక్షిణ అండమానులో ఫెరార్‌గంజ్ తహసీలునకు చెందిన చౌల్దారీ వంటి గ్రామమున ఇట్టి యాత్ర సాధ్యమా? సైకిలు ఈ దీవులకు క్రొత్తది కాదు. 2004 సునామీలో బ్రదికి బయటపడిన డెబోరా హెరాల్డ్, 2018లో ప్రపంచ జూనియరు పోటీలలో రజతపతకము గెలిచిన ఎసో ఆల్బెన్ నికోబారు బిడ్డలే. అయినను పందెపు సైకిలు వేరు, రోగి సైకిలు వేరు.

చౌల్దారీలో నొక కుటుంబమున్నదనుకొందము. పూర్వులు శ్రీకాకుళము నుండి ఓడలో వచ్చి స్థిరపడినవారు. ఇంటి పెద్దకు అరువదిమూడేండ్లు; ఐదేండ్లుగా వ్యాధి; మాత్రలు వేసుకొనుచున్నాడు. తనవంటి రోగుల కొరకు విరాళములు కూర్చుటకై నాలుగు దినములలో నూరు కిలోమీటర్లు తొక్కెదనని ఆయన సంకల్పము. కోడలు భయపడి, “మామయ్యగారూ, గడప దాటుటకే తడబడు మీరు సైకిలెక్కుటేమిటండీ?” యని యడుగును. “గడప దగ్గర పెడలు లేదు గదమ్మా” యని ఆయన సమాధానము. ఇద్దరి మాటయు నిజమే. ఆమె భయము ఎచట సరియైనదో, ఆయన ధైర్యము ఎచట సరియైనదో వేరుచేసి చూడవలెను.

మొదట వైద్యుడు చూడవలెను. లేచి నిలుచుండగానే కన్నులు చీకట్లు క్రమ్ముట, వ్యాధి ఆరంభమునందే తరచు పడిపోవుట, లేనివి కనబడుట, మాటలాడుచుండగనే నిద్ర ముంచుకొనివచ్చుట – వీనిలో ఏ యొకటి యున్నను రెండుచక్రముల సైకిలుపై రోడ్డెక్కరాదు. నిద్ర ముంచుకొనివచ్చుట ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వంటి మాత్రలవలన కలుగవచ్చును; రోగి దానిని దాచక చెప్పవలెను. మరియొక సంగతి. పూర్వము చక్కగా సైకిలు తొక్కినవాడు, వ్యాధి వచ్చిన కొలది కాలముననే తొక్కలేకపోయినచో, అది పార్కిన్సన్‌ను పోలిన వేరొక వ్యాధి కావచ్చును. “ఇంకను సైకిలు తొక్కగలరా?” యను ప్రశ్న నేడు నాడీవైద్యులు నిజముగా అడుగు ప్రశ్న. గ్రామమునుండి నాడీవైద్యుని చేరుట కష్టమైనచో, సమీప ఆరోగ్యకేంద్రపు వైద్యుని ద్వారాగాని, ప్రభుత్వపు ఇ-సంజీవని సేవ ద్వారాగాని దూరమునుండియే సలహా పొందవచ్చును.

ఈ దీవులవారు ప్రత్యేకముగా ఎరుగవలసిన దొకటి కలదు. విశాఖపట్టణమునకో మద్రాసునకో వైద్యమునకై ఓడలో పోవునపుడు కడుపు త్రిప్పును. అందులకు అంగడిలో కొను సిన్నరిజిన్, వాంతులకు ఇచ్చు మెటాక్లోప్రమైడ్ అను మందులు డోపమిన్ పనికి అడ్డుపడి వణుకును, బిగువును పెంచగలవు. వైద్యము కొరకు బయలుదేరినవాడు ఓడ దిగునప్పటికి మరింత బిగుసుకొనిపోయి యుండుట ఇందువలన సంభవింపవచ్చును. ఓడ యెక్కకముందే పార్కిన్సన్ రోగి యని చెప్పి వైద్యుని వలన తగిన మందు వ్రాయించుకొనవలెను. అట్లే తుపానులలో ఓడలు నిలిచిపోవుట ఇచట అలవాటైన విషయము. ఒక నెలకు సరిపడు మాత్రలు ఎల్లప్పుడును ఇంట నిలువయుండవలెను. లెవోడోపాను హఠాత్తుగా మానుట ప్రాణాపాయము.

అభ్యాసము కనీసము మూడు నెలలు సాగవలెను. తొలినాళ్లలో రోడ్డు అక్కరలేదు. కదలని వ్యాయామ సైకిలు దొరకినచో మేలు; లేనిచో పాత సైకిలు వెనుక చక్రమును స్టాండుపై గట్టిగా నిలిపి, మనిషి యొకడు హేండిల్ పట్టుకొనగా తొక్కవచ్చును. శరీరమునకు కావలసినది పెడలు, రోడ్డు కాదు. ఊపిరి వేగముగా ఆడుచు, మాట మాత్రము చెప్పగలుగునంత శ్రమ తగినది. రోగి తనంతట మెల్లగా తొక్కును. మెల్లగా తొక్కుట ఆ వ్యాధి స్వభావమే. కావున ప్రక్కన కూర్చుండి లెక్కపెట్టువా రొకరుండవలెను. మనుమడు ఈ పనికి చాలును, పాట పెట్టినను చాలును.

మాత్రవేళ యాత్రకు గడియారము వంటిది. మాత్ర వేసుకొనిన ఎంత సేపటికి కదలిక వచ్చుచున్నదో, ఎన్ని గంటలకు సడలుచున్నదో ఒక కాగితముపై పదునైదు దినములు వ్రాసి చూచినచో, తొక్కదగిన గంటలు తెలిసిపోవును. అన్నముతోపాటు పప్పు, చేప, గ్రుడ్డు తిని వెంటనే మాత్ర వేసుకొనినచో అందలి మాంసకృత్తులు మందును ప్రేగులలో అడ్డగించును. భోజనమునకు అరగంట ముందుగాని, గంట తరువాతగాని మాత్ర వేసుకొనవలెను. చేపలులేక ముద్ద దిగని దీవులలో ఈ మాట చెవికెక్కుట కష్టము. చేప మానవలసిన పనిలేదు, వేళ మార్చిన చాలును.

అండమానులో సూర్యుడు చాల పెందలకడ ఉదయించును. ఆరు గంటలకు ముందే వెలుతురుండును గనుక ఎండ ముదురకముందే, లారీలు తిరుగకముందే ఆనాటి దూరమును ముగింపవచ్చును. మే నుండి డిసెంబరు వరకు వానలు. జనవరి నుండి మార్చి వరకు తగిన కాలము. ఉక్కపోతకు చెమట మిక్కిలి పోవును. నీరు తగ్గినచో రక్తపు పోటు పడిపోయి కన్నులు తిరుగును, మలబద్ధకము హెచ్చును. దాహము వేయువరకు ఆగక, గంటకు రెండుమార్లయినను నీరు త్రాగవలెను.

దారి విషయమున ఆశ అదుపులో నుండవలెను. ట్రంకు రోడ్డు వెంబడి డిగ్లీపూరు వరకు పోవుదమని ఉత్సాహవంతులు తలచుదురు. జిర్కాటాంగ్ దాటినచో అది జారవాల రక్షితప్రాంతము. అచట వాహనములు నియమిత వేళలలో, కాన్వాయిగా, ఆగక పోవలెనను కట్టుబాటు కలదు. రోగి సైకిలునకు అది దారి కాదు. చౌల్దారీ నుండి ఫెరార్‌గంజ్ వైపును, 2024లో శ్రీ విజయపురమను పేరు పొందిన పోర్ట్ బ్లెయిర్ వైపును, తెలిసిన రోడ్డుమీదనే పోయివచ్చుచు నూరు కిలోమీటర్లు లెక్కకు తెచ్చుకొనిన చాలును. తెలిసిన గుంట కంటె తెలియని నున్నని రోడ్డు రోగికి అపాయకరము.

ఎక్కుట, దిగుట

తొక్కునపుడు కాక, ఎక్కునపుడును దిగునపుడును రోగులు పడుదురు. కోడలి భయము సరియైనది ఇచటనే. నడుమ కడ్డీ క్రిందికి వంగియుండు లేడీస్ సైకిలు ఎన్నుకొనవలెను. కాలు ఎత్తి వెనుకకు త్రిప్పవలసిన పని తప్పును. సీటు ఎత్తు, కూర్చుండినవాని రెండు పాదములును నేలకు తాకునంతగా నుండవలెను. దిగుచోటు ముందే నిశ్చయించి, అచట తోడువాడు ముందుగా చేరి నిలుచుండవలెను. సైకిలు పూర్తిగా ఆగి, బ్రేకు పట్టి, రెండు పాదములును నేలపై ఆనిన పిదపనే శరీరమును కదల్పవలెను. పాదములు అతుకుకొనినచో చేయి పట్టి లాగరాదు. లాగినచో పైభాగము ముందుకు వచ్చి పాదములు వెనుకనే యుండును, మనిషి బోర్లపడును. నిలిచి, ఊపిరి పీల్చి, బరువును ఒక కాలినుండి మరియొక కాలికి మార్చి, “ఒకటి, రెండు” అని లెక్కించుచు అడుగు వేయింపవలెను. నేలపై సున్నముతో గీసిన అడ్డగీతనుగాని, పాదము ముందు ఉంచిన కఱ్ఱనుగాని దాటుమనినచో, అప్పటివరకు కదలని పాదము కదలుట చూపరులకు వింతగా నుండును. కావున ప్రతి మజిలీయందును నాలుగు సున్నపు గీతలు ముందే గీసియుంచవలెను.

తోడువాడు వెనుకగా, కొంచెము కుడివైపున తొక్కవలెను. వచ్చు వాహనములు మొదట అతనిని చూచును. హెల్మెటు ఇద్దరికిని తప్పదు. రోగి జేబులో పేరు, ఇంటి ఫోను సంఖ్య, వ్యాధి పేరు, మాత్రల పేర్లు వ్రాసిన చీటి యుండవలెను.

నిలుకడ చాలనివారికి మూడుచక్రముల సైకిలు కలదు. అదియు దొరకనిచో, పంచాయతీ ఆవరణలో కదలని సైకిలుపై నూరు కిలోమీటర్లు తొక్కినను విరాళము విరాళమే. చూచుటకు జనులు మరింత సులభముగా చేరుదురు.

విరాళముల లెక్క

ధర్మకార్యమున డబ్బు లెక్క రోగి ఆరోగ్యమంత జాగ్రత్త కోరును. దేనికై వసూలు చేయుచున్నారో బయలుదేరకముందే ఒక వాక్యములో ప్రకటింపవలెను: మాత్రలు కొనలేని రోగులకు మందుల కొరకా, నెలకొకమారు వ్యాయామశిక్షకుని రప్పించుటకా, గ్రామమునకు వ్యాయామ సైకిలు కొనుటకా. యాత్ర ఖర్చును విరాళమునుండి తీయరాదు. దానిని వేరుగా సమకూర్చుకొనవలెను. ఇద్దరి సంతకముతో నడచు బ్యాంకు ఖాతా, ప్రతి రూపాయికి రసీదు, ముగిసిన వారములోగా పంచాయతీ ఎదుట చదువు లెక్క – ఈ మూడును ఉండవలెను. తొక్కలేక మధ్యలో ఆగినచో విరాళము తిరిగి ఇయ్యవలెనా యను ప్రశ్న వచ్చును. దూరమునుబట్టి విరాళమని వాగ్దానము తీసుకొనకుండుటయే ఉత్తమము. కిలోమీటరునకు ఇంత అని కట్టుబడినచో, ఆగవలసిన సమయమున రోగి ఆగడు.

మజిలీలలో చేరిన జనులకు రోగి స్వయముగా రెండు మాటలు చెప్పుట మేలు. స్వరము మెల్లగా వచ్చును గనుక మైకు పెట్టవలెను. తన చేయి మొదట ఎట్లు వణకినది, ఎన్ని నెలలు దానిని దాచితిని, ఎవరు వైద్యునియొద్దకు తీసుకొనిపోయిరి – ఇంత చెప్పిన చాలును. గుంపులో ఒక చేతిని రెండవ చేతితో అదిమిపట్టుకొని నిలుచుండినవారు ఉండవచ్చును. అట్టివారిని అందరియెదుట పిలువక, ఆరోగ్య కార్యకర్త తరువాత వేరుగా మాటలాడి ఆరోగ్యకేంద్రమునకు రమ్మని దినము చెప్పవలెను. తెలుగు, బెంగాలీ, తమిళము, హిందీ మాటలాడువారు ప్రక్కప్రక్కనే నివసించు దక్షిణ అండమానులో ఈ మాటలు ఒక్క భాషలోనే చెప్పినచో సగముమందికి అందవు.

నాలుగవ దినము ముగిసిన పిదప రెండు దినములు విశ్రాంతి. ఇంటిలో నడక మాత్రము మానరాదు. మూడవనాడు స్టాండు సైకిలుపై మరల ఇరువది నిమిషములు. యాత్ర దినములలో మాత్రవేళలు, కదలిక వచ్చిన వేళలు, కన్నులు తిరిగిన సందర్భములు, త్రాగిన నీరు వ్రాసిన కాగితమును తరువాతి పరీక్షకు వెంట తీసుకొనిపోవలెను. మోతాదు మార్చవలెనో, వేళ మార్చవలెనో, అట్లే యుంచవలెనో వైద్యుడు దానిని చూచి నిర్ణయించును.